ఫుల్ ఫ్రేమ్, క్రాప్ సెన్సర్: తేడా సెన్సర్‌లో ఎంత, లెన్సులో ఎంత?

కెమెరా కొనాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న "ఫుల్ ఫ్రేమ్ తీసుకోవాలా, క్రాప్ సరిపోతుందా?" అన్నది. ఆ అడగడంలోనే తీర్పు సగం వచ్చేసి ఉంటుంది. ఈ రెండు పేర్లూ కెమెరాలో కాంతిని పట్టి ఫొటోగా మార్చే చిప్పు, అంటే సెన్సర్, పరిమాణానివి: ఫుల్ ఫ్రేమ్ పెద్దది, క్రాప్ చిన్నది. పేర్లను బట్టి మాత్రం ఒకటి నిండుది, రెండోది కోతపడినది. కోతపడిన దాన్ని ఎవరైనా కోరి తెచ్చుకుంటారా? పెళ్లి ఫొటోల బేరం మాట్లాడేటప్పుడు పెళ్లికూతురి తండ్రి సైతం "మీది ఫుల్ ఫ్రేమేనా?" అని అడుగుతున్న రోజులివి. పేరు ఇంత గట్టిగా పనిచేస్తున్నప్పుడు, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో, దేన్ని బట్టి ఒకదాన్ని నిండుదని, ఇంకొకదాన్ని కోసినదని అంటున్నారో ముందు చూడటం మంచిది.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు సుమారు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24 మిల్లీమీటర్లు. ఈ కొలతను ఖాయం చేసిన వ్యక్తి ఆస్కార్ బార్నాక్. జర్మనీలోని వెట్జ్లర్‌లో ఎర్న్‌స్ట్ లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆయన ఉబ్బసం రోగి కావడంతో, గాజు పలకలు వేసే బరువైన కెమెరాను భుజాన వేసుకుని తిరగలేక, సినిమాలకు వాడే 35 ఎం.ఎం. ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరాను 1913-14 ప్రాంతంలో తయారు చేసుకున్నారు. ఆనాటి సినిమా ఫ్రేము 24 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది. ఫొటోకు అది చాలదనిపించి, ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు ఫ్రేముల చోటును ఒక్క ఫొటోకు కేటాయించారు. 1925లో లైప్‌జిగ్ వసంత ప్రదర్శనలో ఆ కెమెరా లైకా పేరుతో జనం ముందుకు వచ్చింది. ఆ తర్వాత మన ఊళ్లలోని స్టూడియోల దాకా అందరూ వాడిన 36 ఫొటోల రీలు ఆ కొలతదే.

సినిమా ఫిల్ము మాత్రం నిలువుగానే నడుస్తూ వచ్చింది. సినిమాటోగ్రాఫర్లు సూపర్ 35 అని పిలిచే ఫ్రేము వెడల్పు దాదాపు 25 మిల్లీమీటర్లు. నికాన్, సోనీ, ఫూజీఫిల్మ్ సంస్థల క్రాప్ సెన్సర్ల వెడల్పు 23.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఫొటోగ్రాఫర్లు కోతపడిందని చులకన చేసే కొలత సినిమావారి లెక్కలో ఇంచుమించు నిండు కొలతే. డెబ్బై అడుగుల తెర మీద మనం చూసిన తెలుగు సినిమాల్లో చాలా వాటి బొమ్మ ఇంతటి ఫ్రేములో పట్టినదే. తెర మీద ఏనాడూ కనబడని లోటు ఫోను తెర మీద చూసుకునే ఫొటోలో కనబడుతుందని భయపడటం నాకు కొంచెం వింతగానే తోస్తుంది.

డిజిటల్ యుగం చిన్న సెన్సర్లతో మొదలవడానికి కారణం సిలికాన్ ఖరీదు. గుండ్రటి పళ్లెంలో పోసిన మైసూర్‌పాక్‌ను ముక్కలు కోసినట్టే, గుండ్రటి సిలికాన్ పలక మీద సెన్సర్లను ముద్రించి కోస్తారు. ముక్క పెద్దదైన కొద్దీ అంచుల్లో వృథా పెరుగుతుంది. పలకలో ఎక్కడైనా చిన్న లోపముంటే అది పడిన ముక్క మొత్తం పారవేయాలి కనుక పెద్ద ముక్కలకు నష్టమూ పెద్దదే. దీనికి తోడు, చిప్పులను ముద్రించే యంత్రాలు ఒక్క దెబ్బకు ముద్రించగలిగే చోటు ఎక్కువలో ఎక్కువ 26 × 33 మిల్లీమీటర్లు. క్రాప్ సెన్సర్ అందులో హాయిగా ఇముడుతుంది. ఫుల్ ఫ్రేమ్ ఇమడదు కాబట్టి దాన్ని భాగాలుగా ముద్రించి, అతుకు తెలియకుండా కలపాలి. అందుకే 1999లో వచ్చిన నికాన్ డి1 క్రాప్ సెన్సర్‌తో వచ్చింది. ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ ఎస్సెల్లార్లు (లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకునే కెమెరాలు) 2002లో గాని రాలేదు. 2005లో వచ్చిన కెనాన్ 5డి దాన్ని మామూలు వృత్తిదారుల చేతికి అందించింది. ఫిల్ము కాలపు లెన్సులనే ఈ కొత్త బాడీలకు (లెన్సు మినహా మిగిలిన కెమెరాకు) తగిలించుకున్నవారికి ఫొటో అంచులు కోసుకుపోయినట్టు కనబడింది. క్రాప్ అన్న పేరు నిలిచిపోవడానికి ఆ పాత లెన్సులే కారణం. క్రాప్ కోసమే రూపొందించిన లెన్సుతో తీసినప్పుడు అక్కడ కోసినదంటూ ఏదీ లేదు.

ఇక అసలు తేడా దగ్గరికి వద్దాం. బల్ల మీద ఒక ఇత్తడి కుంది పెట్టి, దాని వెనుక గోడకు ఒక క్యాలెండరు తగిలించి, ట్రైపాడ్‌ను కదల్చకుండా అదే 50 మిల్లీమీటర్ల లెన్సును ఒకసారి ఫుల్ ఫ్రేమ్ బాడీకి, ఒకసారి క్రాప్ బాడీకి తగిలించి ఫొటో తీస్తే, మొదటి దానిలో కుంది చుట్టూ చోటు ఎక్కువగా, రెండో దానిలో తక్కువగా ఉంటుంది. కుందికీ క్యాలెండరుకూ మధ్య ఉన్న నిష్పత్తి మాత్రం రెండింటిలోనూ ఒకటే. మొదటి ఫొటో అంచులను కత్తిరిస్తే రెండో ఫొటో వస్తుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో నాభ్యంతరం అని చదువుకున్న ఫోకల్ లెంగ్త్ లెన్సు గుణమే గాని బాడీ గుణం కాదు కనుక, క్రాప్ బాడీ మీద 50 లెన్సు 75 అయిపోదు. దాని చూపు మాత్రం ఫుల్ ఫ్రేమ్ మీద 75 లెన్సు చూపంత ఇరుకవుతుంది. ఈ 1.5 అనే గుణకాన్నే క్రాప్ ఫ్యాక్టర్ అంటారు. కెనాన్ క్రాప్ సెన్సర్లు ఇంకాస్త చిన్నవి కావడం వల్ల వాటికిది 1.6. "ఫుల్ ఫ్రేమ్‌లో పర్‌స్పెక్టివ్ వేరు" అనే మాట తరచుగా వినబడుతుంది గాని, పర్‌స్పెక్టివ్‌ను, అంటే దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య కనబడే నిష్పత్తిని, నిర్ణయించేది మనం నిలబడిన చోటు ఒక్కటే.

చిక్కంతా వెలుతురు లెక్కలో ఉంది. సన్నగా వాన పడుతున్నప్పుడు వాకిట్లో ఒక గిన్నె, దాని పక్కన ఒక వెడల్పాటి పళ్లెం పెట్టామనుకోండి. చదరపు అంగుళానికి పడే చినుకులు రెండింట్లోనూ సమానమే. మొత్తం కూడిన నీళ్లు మాత్రం పళ్లెంలోనే ఎక్కువ. ఫొటోగ్రఫీలో ఎక్స్‌పోజర్ అంటే ఆ చదరపు అంగుళం లెక్క. ఎఫ్ 2.8 (లెన్సు రంధ్రం కొలత), సెకనులో 200వ వంతు (షట్టర్ తెరిచి ఉండే సమయం), ఐఎస్ఓ 1600 (ఫొటో కాంతిని ఎంత పెంచాలో చెప్పే అంకె) అని రెండు బాడీలకూ ఒకే అమరిక పెడితే రెండు ఫొటోలూ ఒకే కాంతితో కనిపిస్తాయి. అయితే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ విస్తీర్ణం క్రాప్ కంటే సుమారు 2.3 రెట్లు ఎక్కువ కాబట్టి, ఫొటో మొత్తానికి చేరిన వెలుతురు కూడా అన్ని రెట్లు ఎక్కువ. కాంతి చినుకుల్లాగే విడివిడి కణాలుగా, ఏ క్రమమూ లేకుండా వచ్చిపడుతుంది. ఒక చోట సగటున 10,000 కణాలు పడితే అందులో హెచ్చుతగ్గు దాదాపు 100, అంటే ఒక శాతం. అక్కడ 100 కణాలే పడితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. చీకటి ఫొటోల్లో మనం గ్రెయిన్స్ అనీ నాయిస్ అనీ అంటున్న దానిలో పెద్ద వాటా ఈ హెచ్చుతగ్గుదే. ఎక్కువ కాంతి పోగైన ఫొటోలో అది తక్కువగా కనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ ఫొటో నునుపుగా ఉండటం వెనుక రహస్యం ఇదే. దాని విలువ, వెలుతురు రెట్టింపు కావడాన్ని ఒక స్టాపు అనే ఫొటోగ్రాఫర్ల భాషలో, ఒక స్టాపు కంటే కాస్త ఎక్కువ.

ఇక్కడ ఆగిపోతే ఫుల్ ఫ్రేమ్ గెలిచినట్టే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా. అయితే పళ్లెం నిండాలంటే చూరు నుంచి నీళ్లు రావాలి, కెమెరాకు ఆ చూరు లెన్సు. ఎఫ్ 2 అంటే ఫోకల్ లెంగ్త్‌ను 2తో భాగిస్తే వచ్చే వ్యాసం గల రంధ్రమని అర్థం. క్రాప్ బాడీ మీద 50 లెన్సును ఎఫ్ 2 దగ్గర పెడితే ఆ రంధ్రం 25 మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ మీద అదే దృశ్యం, అదే ఇరుకు చూపు కావాలంటే 75 లెన్సు పెట్టాలి. ఆ లెన్సును ఎఫ్ 3 దగ్గర పెడితే రంధ్రం మళ్లీ 25 మిల్లీమీటర్లే. ఒకే దృశ్యం నుంచి ఒకే వెడల్పున్న రంధ్రం గుండా వచ్చిన వెలుతురు మొత్తం ఒకటే కనుక, ఫుల్ ఫ్రేమ్ ఆ వెలుతురును ఎక్కువ చోటు మీద పరుస్తుంది, క్రాప్ తక్కువ చోటు మీద పరుస్తుంది, అంతే. షట్టర్ సమానంగా ఉంచి, క్రాప్‌లో ఐఎస్ఓ 800 ఉన్నచోట ఫుల్ ఫ్రేమ్‌లో 1800 పెడితే, కాంతీ, నాయిసూ, వెనుక భాగం మసకబారే తీరూ రెండింట్లో దాదాపు ఒక్కలాగే వస్తాయి. ఫుల్ ఫ్రేమ్ నుంచి అదనంగా ఏదైనా రావాలంటే అంతకంటే పెద్ద రంధ్రమున్న లెన్సు దాని ముందు ఉండాలి. బాడీకి డబ్బంతా పెట్టేసి, దానితోపాటు వచ్చే నీరసపు జూమ్ లెన్సుతో సరిపెట్టుకునేవారికి తేడా కనబడకపోవడానికి ఇదే కారణం.

నిజమైన లెన్సులతో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ముఖాల ఫొటోలకు ఫుల్ ఫ్రేమ్ మీద అందరూ వాడే 85 ఎఫ్ 1.8 లెన్సు రంధ్రం సుమారు 47 మిల్లీమీటర్లు. ఫూజీఫిల్మ్ తన క్రాప్ బాడీల కోసం 2014లో తెచ్చిన 56 ఎఫ్ 1.2 లెన్సు రంధ్రం కూడా దాదాపు అంతే. రెండూ ఒకే పని చేస్తాయి. బరువు చూస్తే నికాన్ 85 ఎఫ్ 1.8 జి సుమారు 350 గ్రాములు, ఫూజీ లెన్సు సుమారు 400 గ్రాములు. క్రాప్ అయితే చిన్నగా, తేలికగా, చవకగా ఉంటుందన్న మాట సమానమైన పని అడిగినప్పుడు నిలబడదన్నమాట. క్రాప్ కోసం సిగ్మా 2013లో తెచ్చిన 18-35 ఎఫ్ 1.8 జూమ్ ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. అది ఫుల్ ఫ్రేమ్‌లోని 27-53 ఎఫ్ 2.7కు సరితూగుతుంది, దాని బరువు 810 గ్రాములు. గాజుకు ప్రత్యామ్నాయం లేదు. క్రాప్ తేలికగా ఉండేది మనం తక్కువ వెలుతురుతో, తక్కువ మసకతో తృప్తిపడినప్పుడు. అలా తృప్తిపడటంలో తప్పేమీ లేదు. పగటిపూట ఎఫ్ 8 దగ్గర తీసే గుడి గోపురానికి 47 మిల్లీమీటర్ల రంధ్రం ఎందుకు?

పై సమానత్వం చెల్లని చోటు ఒకటుంది. వెలుతురు పుష్కలంగా ఉండి, ఐఎస్ఓ 100 దగ్గర, ట్రైపాడ్ మీద తీరిగ్గా తీసేటప్పుడు పెద్ద సెన్సర్ నిండిపోవడానికి ముందు ఎక్కువ కాంతిని పట్టుకోగలదు. పళ్లెం పెద్దది కాబట్టి పొర్లిపోయేలోగా ఎక్కువ నీళ్లు పడతాయి. గండికోట అంచున నిలబడి సూర్యోదయాన్ని తీసేవారికి ఆకాశం ఎర్రగా మండుతూ ఉంటుంది, కింద పెన్నా లోయ ఇంకా నీడలోనే ఉంటుంది. ఆకాశం తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టి, తర్వాత కంప్యూటరులో లోయ నీడలను పైకి లాగినప్పుడు, ఫుల్ ఫ్రేమ్ ఫైలులో ఎర్రటి రాతి పొరలు శుభ్రంగా తేలుతాయి. క్రాప్ ఫైలులో అవి కాస్త ముందుగా గరుకెక్కుతాయి. ఆ తేడా కూడా అదే ఒక స్టాపు చిల్లర.

పెళ్లి మండపం దగ్గర లెక్క వేరు. తెల్లవారుజామున మూడున్నరకు ముహూర్తం, అడ్డుతెరకు చెరో పక్క వధూవరులు, పైన పసుపు బల్బులు, ఒక పక్క నుంచి వీడియో వారి తెల్లటి లైటు, అక్షతలు పట్టుకుని ముందుకు తోసుకొస్తున్న బంధువులు. జీలకర్ర బెల్లం క్షణం ఒక్కసారే వస్తుంది, షట్టరును నెమ్మదించే వీల్లేదు. ఇటువంటి చోట ఎఫ్ 2.8 జూమ్‌లు, ఎఫ్ 1.4 ప్రైమ్‌లు (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ లెన్సులు) ఉన్న ఫుల్ ఫ్రేమ్ తన ఖరీదును నిజంగానే రాబట్టుకుంటుంది. కారణం వెలుతురు ఒక్కటే కాదు. ఫుల్ ఫ్రేమ్ మీద 24-70 ఎఫ్ 2.8 చేసే పనిని పూర్తిగా చేసే జూమ్ క్రాప్‌లో కావాలంటే అది 16-47 ఎఫ్ 1.9 అయి ఉండాలి, పైన చెప్పిన సిగ్మా లెన్సు కూడా వెడల్పు వైపు అంత దూరం పోదు.

అదే మండపంలో ఫుల్ ఫ్రేమ్ దెబ్బతీసే సందర్భమూ ఉంది. 85 లెన్సును ఎఫ్ 1.4 దగ్గర పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫోకస్ నిలిచే లోతు నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. పెళ్లికొడుకు చెయ్యి పెళ్లికూతురి తల మీద ఉన్నప్పుడు ఆ లోతులో ఒక ముఖం పడుతుంది, రెండో ముఖం జారిపోతుంది. నేను చూసిన ఆల్బముల్లో పెళ్లికూతురి బాసికం దారంతో సహా కనబడుతూ పెళ్లికొడుకు మసకగా మిగిలిన ఫొటోలు తక్కువేమీ కాదు. దాన్ని నివారించడానికి ఎపర్చర్‌ను, అంటే లెన్సు రంధ్రాన్ని, ఎఫ్ 4కు మూసి, ఐఎస్ఓ పెంచినప్పుడు, ఫుల్ ఫ్రేమ్ వల్ల వచ్చిన లాభంలో చాలా భాగాన్ని తిరిగి ఇచ్చేసినట్టే. రెండు వరసల్లో నిలబడిన బంధువుల గ్రూపు ఫొటోలోనూ ఇదే జరుగుతుంది.

సెన్సర్ ఖాతాలో రాస్తున్న తేడాల్లో కొన్ని నిజానికి వ్యాపారపు తేడాలు. తమ శ్రేణిలో మంచి వ్యూఫైండరు, బలమైన బాడీ, రెండు కార్డుల చోటు వంటివాటిని కంపెనీలు ఎక్కువగా ఫుల్ ఫ్రేమ్ మోడళ్లకు అట్టిపెడతాయి. ఒక కార్డు పాడైతే రెండోదానిలో పెళ్లి మిగిలి ఉంటుందన్న ధీమా వృత్తిదారుకు ఒక స్టాపు నాయిస్ కంటే పెద్దది. అది సెన్సర్ పరిమాణంతో వచ్చింది కాదు, క్రాప్‌లోనూ నికాన్ డి500 వంటి రెండు కార్డుల బాడీలు ఉన్నాయి. కాలపు తేడాను కూడా లెక్కించాలి. 2005 నాటి ఫుల్ ఫ్రేమ్ కెనాన్ 5డి మామూలు ఐఎస్ఓ 1600 దగ్గర ఆగిపోయేది. ఇప్పటి క్రాప్ బాడీలు 6400 దగ్గర తీసిన ఫొటోలను జనం సంకోచం లేకుండా ఆల్బములో పెట్టుకుంటున్నారు. పాత ఫుల్ ఫ్రేమ్‌ను సెకండ్ హ్యాండులో కొనేవారు పేరు కంటే ముందు తయారైన ఏడాది చూడాలి.

లెన్సుల పొత్తు గురించి ఒక్క మాట. క్రాప్ కోసం చేసిన లెన్సు ఫుల్ ఫ్రేమ్‌ను నింపలేదు. నికాన్, సోనీ బాడీలు అలాంటి లెన్సును గుర్తుపట్టి మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటాయి, 24 మెగాపిక్సెల్ అప్పుడు 10 చిల్లరకు పడిపోతుంది. కెనాన్ పాత ఈఎఫ్-ఎస్ లెన్సులైతే కెనాన్ ఫుల్ ఫ్రేమ్ ఎస్సెల్లార్‌కు అసలు తగలవు. "ఇప్పుడు క్రాప్ కొని, తర్వాత ఫుల్ ఫ్రేమ్‌కు మారతాను" అనుకునేవారు మారాల్సింది బాడీ ఒక్కటే కాదని ముందే తెలుసుకోవాలి. నా అభిప్రాయంలో ఆ రెండో అడుగు వేస్తామన్న నమ్మకం లేనివారు క్రాప్‌లోనే ఉండి, ఆ డబ్బుతో ఒక మంచి ప్రైమ్ లెన్సు తెచ్చుకోవడం మేలు.

చివరగా పక్షులు. క్రాప్ వాదులు గర్వంగా చెప్పుకునేది ఇక్కడే: "నా 300 లెన్సు 450 అవుతుంది." కాదని పైన చూశాం. అయినా వారి మాటలో నిజం లేకపోలేదు, అది వేరే చోట ఉంది. కొల్లేటి గట్టు మీద నిలబడి 50 మీటర్ల దూరంలో ఉన్న, అర మీటరు ఎత్తున్న కొంగను 300 లెన్సుతో చూస్తే, సెన్సర్ మీద పడే దాని బొమ్మ ఎత్తు 3 మిల్లీమీటర్లు. బాడీ ఏదైనా ఆ 3 మిల్లీమీటర్లు మారవు, వాటి మీద పడే వెలుతురూ మారదు, కాబట్టి కొంగ ఈకల్లో నాయిస్ విషయంలో ఫుల్ ఫ్రేమ్‌కు ఆధిక్యమేమీ ఉండదు. మారేది ఆ 3 మిల్లీమీటర్లలో ఇరికిన పిక్సెళ్ల సంఖ్య. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ మీద కొంగ ఎత్తు సుమారు 770 పిక్సెళ్లు. అదే 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ మీద 500. ఈక అంచు తీరుగా కనబడటానికీ తెల్లటి మచ్చలా మిగలడానికీ మధ్య తేడా అది. 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ తీసుకుంటే 690 దాకా వస్తుంది.

నికాన్ సంస్థే ఈ లెక్కను రెండు కెమెరాల్లో మన ముందు పెట్టింది. 2016 నాటి డి500 క్రాప్ సెన్సర్ 20.9 మెగాపిక్సెల్. 2017 నాటి డి850 ఫుల్ ఫ్రేమ్ 45.7 మెగాపిక్సెల్, దానిలో క్రాప్ అమరికను ఎంచుకుంటే మధ్యలోంచి 19.4 మెగాపిక్సెల్ ఫొటో వస్తుంది. అంటే డి850 పొట్టలో దాదాపు ఒక డి500 ఉన్నట్టే. విడుదలైనప్పుడు అమెరికాలో డి500 బాడీ ధర సుమారు 2,000 డాలర్లు, డి850 ధర సుమారు 3,300 డాలర్లు. పెళ్లిళ్లూ తీసి, వారాంతంలో కొల్లేటి పక్షుల కేంద్రమైన ఆటపాకకూ పోయే మనిషికి ఆ రెండోది దండగ కాదు. పక్షుల కోసమే కొనేవారికి మాత్రం, ఆ పై 1,300 డాలర్లకు 3 మిల్లీమీటర్ల కొంగ చుట్టూ ఇంకొంత కొల్లేరు వస్తుంది.